అన్నీ కుడి పాదాలే

మొన్న వేసవిలో మా గుడివాడ వాకింగు మిత్రులం పన్నెండుమందిమి వ్యాను మాట్లాడుకుని మంగినపూడి బీచికి వెళ్ళాం. తెల్లవారుతూనే బయల్దేరి, పామర్రులో ఆగి ఇడ్లీ తిని, ఎండ ముదరకముందే నీళ్ళ దగ్గరికి చేరాం. మిగతావాళ్ళు పంట్లాలు మోకాళ్ళదాకా మడుచుకుని నీళ్ళలోకి దిగారు. నేను ఒడ్డునే నిలబడి, నడుం మీద చేతులు పెట్టుకుని, దూరంగా కనబడుతున్న లైట్‌హౌసు వంక గడ్డం ఎత్తి చూపించాను.

"చిన్నప్పుడు ఇక్కణ్ణించి అక్కడిదాకా ఈదుకుంటూ వెళ్ళి, అలాగే వెనక్కి వచ్చేవాణ్ణి" అన్నాను.

మా బృందంలో రిటైరైన బ్యాంకు మేనేజరుగారు ఒకాయన ఉన్నారు. ఆయన లైట్‌హౌసు వంక చూశారు, నా వంక చూశారు.

"అది నేల మీద ఉందండీ" అన్నారు. "ఈదటం దేనికి, ఆటో వెళ్తుంది."

"అప్పట్లో నీళ్ళు అక్కడిదాకా ఉండేవి లెండి."

ఆయన జేబులోంచి ఫోను తీసి, వేలితో అటూ ఇటూ తోసి, "లేదండీ, ఎప్పుడూ లేవట" అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. తర్వాత వాళ్ళంతా కొబ్బరిబోండాల బండి దగ్గరికి వెళ్ళిపోయారు. వెనకటి రోజుల్లో అబద్ధం చెప్తే కనీసం సాయంత్రందాకా చెల్లుబాటయ్యేది. ఇప్పుడు నోరు మూసేలోపే పట్టేస్తున్నారు.

ఇల్లు చేరాక క్యారేజీలో వచ్చిన అన్నం తిని నడుం వాల్చాను. నిద్ర పట్టలేదు. ఇంట్లో నేనొక్కణ్ణే కాబట్టి, నిద్ర పట్టలేదని చెప్పుకోవటానికి కూడా మనిషి లేడు. అందుకని మీకు చెప్తున్నాను.

నిజం ఏమిటంటే చిన్నప్పుడు నేను ఆ సముద్రంలో ఈదలేదు. అసలు ఆ నీళ్ళు ముట్టుకోనేలేదు. ఒక వేసవిలో నెల్లాళ్ళు సముద్రానికి నాలుగడుగుల దూరంలో తిరిగి, కాలిగోరు కూడా తడవకుండా ఇంటికి వచ్చిన ఘనత నాది.

ఆ వేసవికి నాకు ఎనిమిదేళ్ళు. నాన్న గుడివాడలో బడిపంతులు. అంతకు కొద్ది నెలల ముందు మా ఇంట్లో ఒక చెల్లాయి పుట్టింది. తొమ్మిది రోజులు ఉంది. బారసాలదాకా రాలేదు కాబట్టి దానికి పేరు లేదు. పేరు లేదు కాబట్టి దాని గురించి మాట్లాడటం ఎవరికీ చేతకాలేదు. పలకరించటానికి వచ్చిన ఆడవాళ్ళు "ఆ సంగతి" అనేవాళ్ళు, "జరిగింది" అనేవాళ్ళు. "చిన్నదానివి, ఇంకా కంటావులే" అని అమ్మ వీపు నిమిరి, మజ్జిగ తాగి వెళ్ళేవాళ్ళు. అమ్మ వాళ్ళకి మజ్జిగ ఇచ్చేది. వంట చేసేది, మాకు వడ్డించేది, వెళ్ళి మంచం మీద గోడవైపు తిరిగి పడుకునేది. మాట మాత్రం లేదు. "ఉప్పు ఎక్కువైందమ్మా" అన్నా పలికేది కాదు. నేను పరీక్ష కోసం ఒకరోజు ఉప్పు సరిపోయినా ఎక్కువైందన్నాను. లేచి వెళ్ళి కంచంలో ఇంకాస్త అన్నం వేసింది, అంతే.

డాక్టరుగారు మందులు మార్చి మార్చి విసిగి, చివరికి "గాలి మార్చి చూడండి మేష్టారూ, సముద్రపు గాలి మంచిది" అన్నారు. బడికి సెలవులివ్వగానే నాన్న మమ్మల్ని బందరు తీసుకెళ్ళారు.

అక్కడ మేం దిగింది నాన్న స్నేహితుడి తల్లిగారింట్లో. ఆవిడ ఒక్కతే ఉండేది. వీధి వీధంతా ఆవిణ్ణి మామ్మగారు అనేవాళ్ళు. మాకు ఒక గదీ ముందు వరండా ఇచ్చింది. అది ఆవకాయల కాలం. ఇల్లంతా ఆవపిండి ఘాటు, వెల్లుల్లి, నువ్వులనూనె. గాలి అటు మళ్ళితే మాత్రం ఎక్కణ్ణించో చేపలు ఎండేసిన వాసన వచ్చేది. డాక్టరుగారు చెప్పిన సముద్రపు గాలి ఇదే కాబోలు అనుకుని, అమ్మకి తగలాల్సింది నాక్కూడా తగలనిమ్మని గుండె నిండా పీల్చి వరండాలో వాంతి చేసుకున్నాను.

మామ్మగారి వంటింట్లో పై అలమరలో ఒక ఇత్తడి డబ్బా ఉండేది. దాన్నిండా బందరు లడ్లు. నోట్లో వేసుకుంటే నమలక్కర్లేదు, నెయ్యి, యాలకులు వాటంతటవే గొంతులోకి దిగుతాయి. ఆ డబ్బా నేను ఒక్క మధ్యాహ్నంలో ఖాళీ చేశాను. సరే, ఖాళీ చెయ్యలేదు. మూడు తిన్నాను. అందులో రెండు ఆవిడే పెట్టింది.

వచ్చిన మర్నాడే మామ్మగారు నన్ను కూర్చోబెట్టి చెప్పింది.

"ఒరేయ్ నాన్నా, సముద్రం దగ్గరికి వెళ్తావు బానే ఉంది. చూడు, దణ్ణం పెట్టుకో. ముట్టుకోమాకు."

"ఎందుకండీ?"

"పర్వదినం కాకుండా సముద్రుణ్ణి తాకకూడదు. మళ్ళీ పర్వం వచ్చేది మీరు వెళ్ళాక."

"మరి చేపలు పట్టేవాళ్ళు రోజూ దిగుతారుగా?"

"వాళ్ళు ఆయన సొంతమనుషులు. మనం చుట్టపుచూపుగా వచ్చినవాళ్ళం. చుట్టాలింటికెళ్ళి వంటింట్లోకి దూరతామా?"

నేను ఆవిడ వంటింట్లో డబ్బా పక్కనే కూర్చుని ఉన్నాను కాబట్టి మారు మాట్లాడలేదు.

నాన్న అమ్మని రోజూ అడిగేవారు. "గిలకలదిండి వెళ్ళొద్దామా? పడవలు చూద్దువుగాని." గోడ వైపునించి జవాబు వచ్చేది కాదు. కాసేపు గుమ్మంలో నిలబడి, గొడుగు తీసుకుని, నన్ను వెంటబెట్టుకుని బయల్దేరేవారు. బందరు కోట దగ్గర పాడుబడ్డ గోడలు చూపించి అక్కడ దిగిన డచ్చివాళ్ళ గురించి చెప్పేవారు. వాళ్ళ సమాధుల మీద రాళ్ళకి చెక్కిన అక్షరాలు వేలితో తడమమనేవారు. మంగినపూడిలో ఆ నల్లటి బంక ఒడ్డున గొడుగు కింద నిలబడి పోటు, పాటు ఎందుకొస్తాయో చెప్పేవారు. వినేది నేనొక్కణ్ణే. నేనూ వినేవాణ్ణి కాదు. పల్లెవాళ్ళ పిల్లలు మొలతాళ్ళతో నీళ్ళలోకి దూకి తేలుతుంటే వాళ్ళని చూసేవాణ్ణి. నాన్నగారు ఆగకుండా చెప్పేది నాకోసం కాదనీ, ఆగితే ఏం చెయ్యాలో ఆయనకి తెలియక అనీ ఇప్పుడు అనిపిస్తుంది.

ఇంటికి వచ్చాక నేను అమ్మ మంచం పక్కన నేల మీద కూర్చునేవాణ్ణి. మొదటి రోజు, "అమ్మా, ఇవాళ పీతని చూశాను" అన్నాను. అది నిజమే. అమ్మ కదల్లేదు.

రెండో రోజు పీత కంచమంత అయింది. మూడో రోజు దానికి మీసాలు మొలిచాయి. నాలుగో రోజు ఒక తాబేలు నన్ను వీపు మీద ఎక్కించుకుని చాలా దూరం తిప్పి, భోజనాల వేళకి దింపింది. అమ్మ వీపు అలాగే ఉంది. ఆ వీపు వంక చూస్తుంటే నాకు కోపం కూడా వచ్చేది. ఇంత కష్టపడి చెప్తుంటే ఒక్క మాటంటే ఏం పోయింది అని.

అయిదో రోజు నాన్నని పట్టుకున్నాను.

"ఇవాళ ఏమైందో తెలుసా? నాన్న లైట్‌హౌసు ఎక్కారు. కింద తలుపు ఎవరో గడియ పెట్టేశారు. ఎంత అరిచినా ఎవరూ రాలేదు. అప్పుడు నాన్న గొడుగు విప్పి, పైనించి దూకేశారు. గాలికి అలా అలా తేలుకుంటూ వెళ్ళి తాటిచెట్ల అవతల దిగారు."

తర్వాత గోడవైపునించి అమ్మ గొంతు వినబడింది. అంతకాలం వాడక బొంగురుపోయి ఉంది.

"గొడుగు ఏమైంది?"

నేను మంచం పట్టెకి దగ్గరగా జరిగాను. మళ్ళీ అడిగింది.

"గొడుగు చిరిగిందా, జాగ్రత్తగా తెచ్చారా?"

"తెచ్చారమ్మా. ఒక పుల్ల వంగింది."

"ఊఁ" అంది.

నేను వరండాలోకి పరిగెత్తి, చదువుకుంటున్న నాన్న కళ్ళ ముందే గొడుగు తీసి ఒక పుల్ల వంచేశాను. ఆయన తిట్టారు. ఆ తిట్లు నాకు వినబడలేదు.

ఆ రోజునించి నా పని అదే. పొద్దున్నంతా నాన్న వెంట ఊళ్ళు తిరగటం, సాయంత్రం అమ్మకి పది రెట్లు చేసి చెప్పటం. అమ్మ సగం ఇటు తిరిగి పడుకునేది. "తర్వాత?" అనేది. ఆ ఒక్క మాట కోసం నేను పెదనలో కలంకారీ బట్టలకి అద్దే అచ్చుల మీది నెమళ్ళని ఎగరేశాను, చిన్నాపురం దగ్గర కాలవలో తిమింగలాన్ని ఈదించాను. నాకు ఈ జబ్బు ఎక్కడ అంటుకుందని అడిగితే అక్కడే. అయితే వారం పదిరోజులకి మందు పని చెయ్యటం మానేసింది. తిమింగలానికి కూడా అమ్మ "తర్వాత?" అనలేదు. మళ్ళీ పూర్తిగా గోడవైపు తిరిగింది. సెలవులు ఇంకో వారమే ఉన్నాయి. ఇలాగే గుడివాడ వెళ్తే అక్కడి గోడవైపు తిరుగుతుంది, ఇక ఎప్పటికీ ఇటు తిరగదు అని నాకు గట్టిగా అనిపించింది.

ఆ రోజుల్లోనే నాన్న పాత శిష్యుడొకాయన కోడూరునించి కబురు పెట్టాడు, "మా దివిసీమ చూడకుండా వెళ్తారా మేష్టారూ" అని. నాన్నా నేనూ ఒక పూట వెళ్ళాం. ఆయన ఎడ్లబండి కట్టించి హంసలదీవి పంపించాడు. గుడి చూశాం. కృష్ణ సముద్రంలో కలిసేచోటు ఇంకా ముందుకు వెళ్ళాలట. ఎండ మండిపోతోంది. నేను బండిలో నిద్రపోయాను. నాన్న వెనక్కి తిప్పించేశారు. అంటే, ఆ సంగమం నేను చూడలేదు. ఈ ముక్క మీరు గుర్తు పెట్టుకోవాలి.

ఆ సాయంత్రం దీపాలు పెట్టే వేళకి బందరు చేరాం. నాన్న వరండాలో మామ్మగారితో గుడి సంగతులు చెప్తున్నారు. నేను అమ్మ మంచం పక్కన కూర్చున్నాను. దారి పొడుగునా ఆలోచించి ఏమీ తోచలేదు. పీతలు, తాబేళ్ళు, తిమింగలాలు అయిపోయాయి. ఇక నా దగ్గర ఉన్నది ఒకటే.

"అమ్మా, ఏరూ సముద్రం కలిసేచోట ఇసకలో చిన్న చిన్న పాదాలున్నాయి" అన్నాను.

అమ్మ పలకలేదు.

"ఇంతింత. మనుషులెవరూ లేరు. ఉత్త పాదాలే." ఇంకా పలకలేదు. "చెల్లాయివి" అన్నాను.

అమ్మ లేచి కూర్చుంది. జుట్టు విడిపోయి ఉంది. నా మొహం వంకే చూసింది. ఎన్ని నెలలైందో ఆవిడ నన్ను అలా చూసి.

"నువ్వు చూశావా?"

"చూశాను."

"నీ కళ్ళతో?"

"నా కళ్ళతోనే."

"ఎటు వెళ్ళాయి?"

"నీళ్ళవైపు" అన్నాను. ఆవిడ మొహం చూసి భయమేసి, "మళ్ళీ వెనక్కి వచ్చాయి" అన్నాను.

తొమ్మిది రోజుల పిల్ల నడుస్తుందా అని ఆవిడ అడగలేదు. నేనూ అనుకోలేదు. "ఏవండీ" అని పిలిచింది. నాన్న పరిగెత్తుకొచ్చారు, చెయ్యి కూడా కడుక్కోకుండా, మామ్మగారు పెట్టిన మామిడిపండు రసం మోచేతిదాకా కారుతుంటే.

"నన్ను రేపు అక్కడికి తీసుకెళ్ళండి" అంది అమ్మ.

నాన్నకి ఏమీ తెలియదు. గుడి చూస్తానంటోంది అనుకున్నారు. అప్పటికప్పుడు బస్టాండుకి వెళ్ళి బస్సులు కనుక్కొచ్చారు. మల్లెపూలు తెచ్చారు, హల్వా పొట్లం తెచ్చారు. "సముద్రపు గాలి పనిచేసిందండీ" అని మామ్మగారికి రెండుసార్లు చెప్పారు. నాకు హల్వా పెట్టారు. అంత మంచి హల్వా నోట్లో బంకమట్టిలా తిరిగింది.

తెల్లారి బయల్దేరాం. అమ్మ జడ వేసుకుంది, పూలు పెట్టుకుంది. మామ్మగారు అరిటాకులో పులిహోర కట్టిచ్చింది. బస్సు చల్లపల్లి, మోపిదేవి దాటి, పులిగడ్డ వారధి మీదుగా అవనిగడ్డ చేరింది. అక్కణ్ణించి కోడూరు. అమ్మ కిటికీ పక్కన కూర్చుని దారి పొడుగునా బయటికే చూసింది. నేను బస్సు చెడిపోవాలని దేవుడికి మొక్కుకున్నాను. వారధి దగ్గర ఆగినప్పుడు కాస్త ఆశ కలిగింది గాని, ఎవరో మేకని ఎక్కించటానికి ఆగిందట.

కోడూరునించి అదే ఎడ్లబండి. ఈసారి సముద్రందాకా వెళ్ళాలని అమ్మే చెప్పింది. పాలకాయతిప్ప దాటాక దారి ఇసకలో కలిసిపోయింది. బండి ఆగింది. నీళ్ళ చప్పుడు వినబడుతోంది. నాన్న ఎద్దులు విప్పుతున్న మనిషితో మాటల్లో పడ్డారు. అమ్మ దిగటానికి కమ్మీ పట్టుకుంది.

"నేను ముందెళ్ళి చూసొస్తానమ్మా, ఎక్కడున్నాయో" అని ఒక్క దూకు దూకి పరిగెత్తాను.

మా ఇళ్ళలో కృష్ణాష్టమికి గుమ్మం దగ్గర్నించి దేవుడి గదిదాకా చిన్నికృష్ణుడి పాదాలు వేస్తారు. పిడికిలి బిగించి, చిటికెనవేలి వైపు అంచుని బియ్యప్పిండి నీళ్ళలో ముంచి నేల మీద అద్దితే అచ్చం పసిపిల్ల పాదం పడుతుంది. పైన వేలికొసతో అయిదు చుక్కలు పెడితే కాలివేళ్ళు. ఈ విద్య నాకు వచ్చు. తడి ఇసకలో మోకాళ్ళ మీద కూలబడి, పిడికిలితో ఒకటి, రెండు, మూడు, అద్దుకుంటూ పోయాను. వెనక్కి చూడను కూడా చూడలేదు.

"ఏంటి బాబూ, ఏం ఆట అది?"

తలెత్తి చూశాను. ఎండు చేపలు ఏరుకుంటున్న పల్లెకారుల ఆవిడ ఒకతి, బుట్ట చంకన పెట్టుకుని నిలబడి ఉంది.

"పాదాలు" అన్నాను.

"ఎవరియ్యి?"

"మా చెల్లెలివి."

"మరి చెల్లేదీ?"

నేను ఇంకో పాదం అద్దాను. ఆవిడ ఇసక వంక చూసింది. దూరంగా చీర కుచ్చెళ్ళు ఎత్తిపట్టుకుని వస్తున్న అమ్మ వంక చూసింది.

"పోటొచ్చే యేళయింది" అంది. "అక్కడేస్తే మీయమ్మ వచ్చేలోగా నీళ్ళు తుడిచేత్తాయి. ఇంకాస్త పైకెయ్యి. బేగా."

నేను పైకి జరిగి మళ్ళీ మొదలుపెట్టాను. ఆవిడ వెళ్ళి, నాకు వీపు పెట్టి, చేపలు ఏరుకుంటూ కూర్చుంది. పన్నెండు పాదాలు వేసేసరికి అమ్మ వచ్చేసింది.

వాటిని చూసి అమ్మ పకపకా నవ్వింది. నన్ను దగ్గరికి తీసుకుని తల నిమిరి, "ఎంత దొంగవిరా" అంది. నెలల తర్వాత అమ్మ నవ్వు అదే మొదటిసారి వినటం.

ఇది నాకు నేను ఇన్నేళ్ళుగా చెప్పుకుంటూ వచ్చిన మాట. అలా జరగలేదు.

అమ్మ మొదటి పాదం దగ్గర వంగింది. దాని పక్కన వేళ్ళు ఆనించి, ముట్టుకోకుండా కొలిచింది. ఆవిడ మొహం అప్పుడు ఎలా ఉందో నేను పెంచీ చెప్పలేను, తగ్గించీ చెప్పలేను. రెండో దాని దగ్గరికి వెళ్ళింది. మూడో దాని దగ్గర ఆగిపోయింది. వెనక్కి తిరిగి మొదటిదాన్ని చూసింది.

"అన్నీ కుడివే" అంది.

నేను నా కుడి చెయ్యి వెనక్కి పెట్టుకున్నాను.

కృష్ణాష్టమికి అమ్మ రెండు చేతులతోనూ వేసేది. కుడి పిడికిలితో కుడి పాదం, ఎడమ పిడికిలితో ఎడమ పాదం. అలా వెయ్యాలని నాకు చెప్పింది కూడా. తొందరలో నేను మరిచిపోయాను. పన్నెండు కుడి పాదాలు, ఒంటికాలి మీద గెంతుకుంటూ వెళ్ళినట్టు, సముద్రంవైపు వరసగా ఉన్నాయి.

అమ్మ నా వెనకనించి ఆ చెయ్యి బయటికి లాగింది. తడి ఇసక చిటికెనవేలి వైపంతా అంటుకుని ఉంది. చూసింది. చూసి చెంప మీద కొట్టింది. ఆవిడ నన్ను కొట్టటం అదే మొదలు, అదే ఆఖరు. చెవి గింగురుమంది. చేపలు ఏరే ఆవిడ తల తిప్పలేదు.

నేను ఏడవలేదు. ఏడిస్తే నాన్న వస్తారు. అమ్మ అలాగే నిలబడి ఉంది. అంతా అయిపోయింది, ఇక గోడవైపు కూడా కాదు, ఎటు తిరుగుతుందో తెలియదు అనుకున్నాను.

అప్పుడు అమ్మ తడి ఇసకలో కూలబడింది. చీర కిందంతా తడిసిపోయింది. ఎడమ పిడికిలి బిగించి, మొదటి పాదం పక్కన కొంచెం ముందుగా అద్దింది. వేలికొసతో అయిదు చుక్కలు పెట్టింది. మోకాళ్ళ మీద జరిగి, రెండోదానికి ఎడమ పాదం వేసింది. మూడోదానికి వేసింది. నాకు ఏం చెయ్యాలో తెలియక పక్కన పక్కన జరుగుతూ వెళ్ళాను. పన్నెండూ అయ్యేసరికి ఇసకలో ఒక పిల్ల తిన్నగా నడిచివెళ్ళినట్టుంది. ఆఖరి పాదం మీద నుంచి అమ్మ చెయ్యి తియ్యలేదు. ముందుకి ఒరిగి ఏడ్చింది. లోపలెక్కడో ఏదో తెగినట్టు, నోరు విప్పి, గట్టిగా ఏడ్చింది. చెల్లాయి పోయిననాడు కూడా అమ్మ అలా ఏడవలేదు.

ఏడుస్తూనే ఒక పేరు అంది.

"అదీ దాని పేరు" అంది. "బారసాలనాడు పళ్ళెంలో బియ్యం పోసి మీ నాన్న రాసేటప్పుడు చెబుదామనుకున్నాను. ఎవరికీ చెప్పలేదురా."

పోటు వచ్చింది. నేను మామ్మగారి మాట గుర్తొచ్చి, నీళ్ళు తగలకుండా వెనక్కి జరిగాను. మొదట నీళ్ళకి దగ్గరగా ఉన్న జత పోయింది, తర్వాత దాని వెనకది. అమ్మ వాటిని చూస్తూ కూర్చుంది, ఆపటానికి చెయ్యి అడ్డం పెట్టలేదు. అన్నీ పోయాక లేచి, కొంగుతో నా చేతి ఇసక తుడిచింది. చెంప ముట్టుకుని చూసింది.

నాన్న గొడుగు వేసుకుని కంగారుగా వచ్చారు. "ఏమైంది, ఆ కళ్ళేమిటి?"

"ఉప్పునీళ్ళు పడ్డాయి" అంది అమ్మ.

"వాడి చెంప?"

"ఎండకి కందింది."

నా జీవితంలో నేను విన్న మొదటి మంచి అబద్ధాలు ఆ రెండూ. నాన్న ఒకసారి మా ఇద్దరి వంకా చూసి, గొడుగు అమ్మకి పట్టారు. బండి నీడలో కూర్చుని పులిహోర తిన్నాం. అమ్మ రెండుసార్లు పెట్టించుకుంది. ఆ చేపలావిడకి ఆకులో కొంచెం పెట్టిచ్చి రమ్మంది. ఇస్తే ఆవిడ తీసుకుని, "నిలబడ్డాయా?" అని మాత్రం అడిగింది. నేను తలూపాను.

ఆ వారమే గుడివాడ వచ్చేశాం. అమ్మ మాట్లాడింది. మొదట్లో పొదుపుగా, తర్వాత మామూలుగా, ఆ తర్వాత నన్ను తిట్టటానికి రోజుకి సరిపోయినంత. ఆవిడకి మళ్ళీ పిల్లలు కలగలేదు. చాలాకాలం తర్వాత నాన్న పోయాక ఆయన డైరీలు చూస్తే ఆ రోజు కింద ఒకే వాక్యం ఉంది: "సంగమ దర్శనమైనది, ఎండ తీవ్రముగా ఉన్నది." ఆయనకి ఎంత తెలుసో నాకు తెలియదు. ఆయనా ఒంటరిగానే ఆ గొడుగు మోశారేమో.

అమ్మా నేనూ ఆ సంగతి మళ్ళీ ఎప్పుడూ మాట్లాడుకోలేదు. నేను ఊరంతా అబద్ధాలు చెప్పుకు తిరిగినా, ఆ పేరు మాత్రం ఎవరికీ చెప్పలేదు. పెళ్ళయ్యాక మా ఆవిడకీ చెప్పలేదు. అమ్మ పోయేదాకా ఆ పేరు తెలిసినవాళ్ళం ఇద్దరం. తర్వాత ఒక్కణ్ణి. అది ఎక్కడా రాసి లేదు. బియ్యంలో కూడా రాయలేదు.

బీచినించి వచ్చి నిద్ర పట్టలేదన్నానే, ఆ మర్నాడే ఒక్కణ్ణే బస్సెక్కి కోడూరు వెళ్ళాను. అక్కణ్ణించి ఆటో. ఇప్పుడు సంగమందాకా జనం మోటారుసైకిళ్ళ మీద వస్తున్నారు. జంటలు, కాలేజీ పిల్లలు, మొక్కజొన్న కండెలు కాల్చేవాళ్ళు. ఆనాటి చేపలావిడ ఎవరో చెప్పగలిగినవాళ్ళు లేరు. మధ్యలో ఉప్పెన వచ్చి వెళ్ళింది. జనానికి దూరంగా చాలాసేపు నడిచి, నీళ్ళ అంచున నిలబడ్డాను. ఆవేళ పర్వమో కాదో చూసుకోలేదు. మడమలదాకా నీళ్ళు వచ్చాయి.

దగ్గర్లో ఎవరూ లేరు. నేను కూడా పోయేలోపు ఆ పేరు ఒక్కసారి, మనిషిని పిలిచినట్టుగా, గట్టిగా అనాలనిపించింది. పిలిచాననీ, గాలి దాన్ని నీళ్ళ మీదుగా తీసుకెళ్ళిందనీ ఇక్కడ రాసెయ్యొచ్చు. కాదనేవాళ్ళు లేరు.

పిలవలేదు. నోరు తెరిచాను, అంతే. ఆ పేరు మామూలు గొంతుతో ఎలా ఉంటుందో నాకు తెలియదు. ఇంట్లో పిల్లని అన్నానికి పిలిచేటప్పుడు దాన్ని ఎక్కడ సాగదీస్తారో, కసురుకునేటప్పుడు ఎలా కుదిస్తారో నేను వినలేదు. నేను విన్నది ఒక్కసారే. అదీ అమ్మ ఏడుస్తూ అంది.